దొండపందిరిలో బాంబరు

2006

నవంబరు 10, శుక్రవారం

ఈరోజు ప్రార్థన కూడికకు ఒక కొత్త కుటుంబం వచ్చింది. పాస్టర్ జోషువా గారు అందరినీ పరిచయం చేశారు. ఐజక్ గారు, పోర్టులో సూపర్‌వైజరు. రేచెల్ గారు, ల్యాబ్ టెక్నీషియను. నా దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగి, "వీరు మన సిస్టర్ కృపాకుమారి గారి భర్త" అన్నారు. నా పరిచయం అంతటితో పూర్తయింది. పని లేని మనిషికి పేరు మాత్రం ఎందుకని ఆయన ఉద్దేశం కావచ్చు.

షార్జాలో టైమ్ కీపర్‌గా ఉన్నంతకాలం నేను కార్డు చూడందే ఒక్కడు కూడా గేటు దాటలేదు. ప్రాజెక్టు ఖలాస్ అన్నారు, గేటుతో సహా నన్నూ తీసేశారు. కృపాకుమారి తన వీసా మీద నన్ను ఈ తూర్పు తీరంలోని కల్బాకు తెచ్చుకుంది. ఆమె ఆసుపత్రి డ్యూటీకి వెళితే నేను ఇంటి డ్యూటీ. ఏం చేస్తున్నారని అడిగిన వాళ్ళకు బిజినెస్ ప్లాన్‌లో ఉన్నానని చెబుతున్నాను. ప్రస్తుతానికి ఆ ప్లాను దొండపాదు.

ఆ దొండపాదు మాత్రం నిజం. నరసాపురం నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన తీగ. ఇంటి వెనక పాత మేకల దొడ్డికి అడ్డుగా రెండు వంపు తిరిగిన అల్యూమినియం జాలీలు పడి ఉండేవి. మాకన్నా ముందు అద్దెకున్న వాళ్ళకూ అవి అక్కడే ఉన్నాయట. నులకమంచం అల్లికలా ఉంటాయి, బరువుండవు, ఉప్పుగాలికి కూడా చెడలేదు. నాలుగు గుంజలు పాతి పైకెక్కించాను. కల్బాలో ఇంత చక్కటి పందిరి ఇంకోటి లేదు. ప్రతి శుక్రవారం కూడికకు వేపుడు మా ఇంటి నుంచే వెళుతుంది. దాన్ని కూడా "సిస్టర్ గారి వేపుడు" అనే అంటారు.

నవంబరు 19

పక్క ఖర్జూరం తోటలో పికప్ నడిపే లింబాద్రి గోడ మీంచి పిలిచాడు. నిజామాబాద్ వైపు మనిషి. నాలాంటి చదువుకున్న వాడితో మాట్లాడాలని అతనికి సరదా.

"సార్, గా సముద్రం ఒడ్డుకు కొత్త హోటలయ్యింది సూడు. ఆడ ఇంగ్లీషు మంచిగ మాట్లాడెటోడు గావాల్నట. ఒక ముసలి దొర ఒచ్చిండు. గుట్టలల్ల ఇమానం దేవులాడుతుండట."

"విమానం పోగొట్టుకున్నాడా?"

"గా లడాయి కాలంల కూలిందట సార్. గిప్పుడు యాదికొచ్చిందో ఏమో."

టై కట్టుకుని వెళ్ళాను. హోటల్ మేనేజరు ఫాదీ లెబనాన్ మనిషి. ఇక్కడ అందరూ ముదీర్ అంటారు. బీచ్ అన్ని హోటళ్ళకూ ఉంది గానీ బాంబరు ఏ హోటల్‌కూ లేదని ఆయన ఆలోచన. యుద్ధకాలంలో ఈ తీరాన కూలిన బ్రిటిష్ బాంబరును వెతికించి లాబీలో పెడతాడట. అది దొరికేదాకా దొరకు గది, భోజనం ఉచితం. దొర పేరు క్లిఫర్డ్ డాబ్స్. ఎనభై దాటినా నిటారుగా కూర్చుంటారు.

"ఈ ప్రాంతం తెలుసా?" అని ముదీర్ అడిగాడు.

"అంగుళం అంగుళం తెలుసు" అన్నాను. మార్కెట్టు, ఆసుపత్రి, సముద్రం తప్ప నేను చూసిందేమీ లేదు.

నవంబరు 26

విజిటింగ్ కార్డులు వచ్చాయి. రత్నబాబు, హెరిటేజ్ కోఆర్డినేటర్. పాస్టర్ గారికి ఒకటి ఇచ్చాను. చదివి జేబులో పెట్టుకోబోతుంటే, బిగ్గరగా చదవమన్నాను.

డిసెంబరు 4

దొర గారు మంచి మాటకారి. కారులో తిరిగినంతసేపూ ఆ విమానం గురించే. దాని పేరు వెల్లింగ్టన్. లోపల లోహపు అల్లిక, పైన గుడ్డ. బాంబులు మోసే విమానానికి గుడ్డేమిటని నవ్వాను. "నవ్వకండి, ఆ గుడ్డ కుట్టింది నేనే" అన్నారు. షార్జా క్యాంపులో విమానాల గుడ్డ చిరిగితే కుట్టడం, మందు పూసి బిగించడం ఆయన పనట. కుర్రతనంలో ఆ విమానం జర్మనీ మీద తిరిగి బాంబులు వేసింది. పాతబడ్డాక అక్కడికి పనికిరాదని ఈ సముద్రం మీద కాపలాకు పంపారు. నాకు ఆ విమానం మీద ఒక్కసారిగా అభిమానం పుట్టింది.

కూలిన రోజు అందులో ఐదుగురు ఉన్నారు. నలుగురు ఒడ్డుకు ఈదుకొచ్చారు. తోకలో కూర్చునే తుపాకీ మనిషి టామీ రాలేదు. దొరకు ఆప్తమిత్రుడట. శవం దొరకలేదు, సమాధీ లేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన విమానం ముక్కలను ఇక్కడివాళ్ళు కొండల్లోకి మోసుకుపోయారని అప్పట్లో విన్నారట.

తర్వాత ఫోటో చూపించారు. గుడ్డ ఊడిన వెల్లింగ్టన్. అస్థిపంజరమంతా వంపులు తిరిగిన అల్లిక.

ఎక్కడో చూసినట్టుంది. బహుశా ఏదో సినిమాలో అయి ఉంటుంది.

డిసెంబరు 5

ప్రపంచంలో డైమండ్ ఆకారపు జాలీలు కోకొల్లలు. కిటికీలకు ఉంటాయి, గేట్లకు ఉంటాయి.

డిసెంబరు 6

పాదుకు నీళ్ళు కృపాకుమారినే పొయ్యమన్నాను. నడుము నొప్పిగా ఉంది.

డిసెంబరు 8, శుక్రవారం

కూడిక నుంచి వచ్చాక పందిరి ఎక్కి ఆకులు పక్కకు తప్పించి చూశాను. మామూలుగా చూశాను, ఏ ఉద్దేశమూ లేదు. వరసగా రివెట్లు ఉన్నాయి. ఒక మూల ఇంగ్లీషు అక్షరాలూ ఒక నంబరూ గుద్ది ఉన్నాయి. క్రిస్మస్ దగ్గర పడింది గనక, ఎలాగూ ఏటా ఇంటికి రంగులు వేస్తాం గనక, బజారుకు వెళ్ళి సిల్వర్ పెయింట్ తెచ్చి పందిరికంతా వేశాను. ఆ నంబరున్న మూల రెండు పూతలు వేశాను. అక్కడ గాలి ఎక్కువ.

డిసెంబరు 17

దొర గారికి చెప్పేవాడినే. ముదీర్ ఉన్నాడు, వీలు కుదరలేదు.

డిసెంబరు 25

కృపాకుమారి నన్ను అడక్కుండా దొర గారిని భోజనానికి పిలిచింది. ఆసుపత్రిలో ఆయన బి.పి. చూసేది ఈమేనట. లోపల ఏసీ కింద కూర్చోపెడదామనుకున్నాను. "పెరట్లో చల్లగా ఉంది కదండీ" అంటూ ఆమె కుర్చీలు తీసుకెళ్ళి సరిగ్గా పందిరి కింద వేసింది. పందిరికి నక్షత్రం కూడా కట్టింది.

దొర గారు కూర్చుని తల పైకెత్తారు. అలా ఎత్తి చాలాసేపు ఉండిపోయారు. నేను వేపుడు గిన్నె ఆయన ముందుకు జరిపాను.

"ఇదేం కాయ?" అని అడిగారు చివరికి. దొండకాయ అని చెప్పాను.

"సిల్వర్ పెయింట్ మీరే వేశారా?"

"క్రిస్మస్‌కు సర్. మా ఆచారం."

"బాగా వేశారు" అని వేపుడు ఇంకాస్త వడ్డించుకున్నారు. పాపం అమాయకుడు. నెత్తి మీద ఉన్నదాన్ని గుర్తుపట్టలేదు. వయసు మీద పడితే అంతే.

2007

జనవరి 12, శుక్రవారం

పాస్టర్ గారు నన్ను కొత్తవారికి పరిచయం చేశారు. "బ్రదర్ రత్నబాబు గారు, మ్యూజియంలో ఆఫీసరు." ఏ మ్యూజియమో ఆయన చెప్పలేదు, నేనూ సరిదిద్దలేదు. కృపాకుమారి నా వైపు చూసి తలవంచుకుని నవ్వింది. పెళ్ళయిన కొత్తలో అలా నవ్వేది. ఆ నవ్వు కోసం ఒక విమానాన్ని దాచడం పెద్ద తప్పేమీ కాదు.

జనవరి 20

లింబాద్రి తోటలో టీ తాగుతూ అడిగాను, దొర విమానం దొరికితే ఏమవుతుందని.

"ఏమైతది సార్? ఎన్కట నేనున్న కూలీల క్యాంపుల అయ్యేదే. బిల్డింగ్ లేచెదాంక భాయ్ భాయ్ అంటరు. ఖలాస్ అయినంక టికెట్ చేతుల వెట్టి యల్లా, నడువు అంటరు. దొరకైనా గంతే, నీకైనా గంతే."

కాబట్టి విమానం దొరకడం ఎవరికీ మంచిది కాదు. తొందరపడకూడదు.

ఫిబ్రవరి 3

కృపాకుమారి డ్యూటీ నుంచి వస్తూనే మొదలుపెట్టింది.

"ఏవండీ, ఆ పెద్దాయన్ని కొండలెక్కిస్తన్నారంట? ఆయన గుండె సంగతి మీకు తెలుసా? డాక్టరుగారు మెట్లు కూడా ఎక్కొద్దన్నారు."

"ఆయనే ఎక్కుతానంటున్నాడు. నేను ఉద్యోగిని."

"ఎక్కుతానంటే ఎక్కించేస్తారా? ఆయనకేవన్నా అయితే ఆ పాపం ఎవరిదండీ?"

ఆమెది ఆరోగ్యశాఖ, నాది చరిత్ర. ఒకరి శాఖలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఈ మాట పైకి అనలేదు.

ఫిబ్రవరి 12

ఖోర్ ఫక్కాన్ ఊరి వెనక కొండ. సగం ఎక్కాక దొర గారు ఛాతీ పట్టుకుని రాయి మీద కూలబడ్డారు. పెదాలు నల్లబడ్డాయి. జేబులోంచి మాత్ర తీసి నేనే నాలుక కింద పెట్టాను. టోపీతో విసురుతూ, ప్రభువా ఈయన్ని ఈ కొండ మీద తీసుకోవద్దు, కావాలంటే నా ఉద్యోగం తీసుకో అని ప్రార్థించాను. కాసేపటికి ఆయన తేరుకుని, "ఇక్కడి నుంచి సముద్రం ఎంత బాగుందో" అన్నారు.

దిగేటప్పుడు ఆయన భుజం పట్టుకునే ఉన్నాను. నాకు భయం వేసింది. చాలా భయం వేసింది.

ఫిబ్రవరి 13

కొండ మీద చేసిన ప్రార్థనలో ఉద్యోగం మాట తొందరలో వచ్చింది. అయినా ఏదో ఒకటి చెయ్యాలి. మా పెరట్లోనే ఉందని చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు. అదే ఎక్కడైనా బయట దొరికితే, కొండ ఎక్కనవసరం లేని చోట, రోడ్డు పక్కన, కారులోంచి కనబడేలా దొరికితే, కనిపెట్టింది నేనవుతాను. దొర గుండె దక్కుతుంది, నా మర్యాద దక్కుతుంది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

ఊరంతా జుమ్మా నమాజులో ఉంది, కృపాకుమారి డ్యూటీలో ఉంది. కూడికకు జ్వరమని కబురు పంపి లింబాద్రిని పికప్ తెమ్మన్నాను. తీగలను జాలీ నుంచి విడదీయడానికే తల ప్రాణం తోకకొచ్చింది. అవి అల్లుకున్నంత గట్టిగా మనుషులు కూడా అల్లుకోరు.

"గిదేంది సార్, ఇంటి పందిరి పీకి గుట్టల వారేస్తున్నవ్? సాఫ్‌గ చెప్పు, మేడంతోని లొల్లి అయ్యిందా?"

"ఇది విమానం లింబాద్రీ."

అతను జాలీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ మంచమా?" అన్నాడు. నాకు మతి చెడిందని నిశ్చయించుకున్నట్టున్నాడు, నీళ్ళు తాగమన్నాడు.

ఎండిన వాగు మలుపులో, రోడ్డుకు దగ్గరగా, రెండు జాలీలనూ సగం ఇసుకలో పాతాం.

సాయంత్రం కృపాకుమారి పెరట్లో నిలబడిపోయింది. పాదు నేల మీద వాలిపోయి ఉంది.

"పందిరేదండీ?"

"చెదలు పట్టాయి. తీసేశాను."

"అల్యూమినియానికి చెదలా?"

"ఇక్కడి చెదలు వేరు" అన్నాను.

ఫిబ్రవరి 18

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

ముదీర్‌ను కూడా వెంటబెట్టుకు వెళ్ళాను. వాగు మలుపు రాగానే "ఆపండి, అక్కడేదో మెరుస్తోంది" అన్నాను. నా నటనకు నాకే ముచ్చటేసింది. ముదీర్ జాలీ చూసి కెమెరా తీశాడు. దొర గారు నెమ్మదిగా వచ్చి, వంగి, వేలితో రివెట్లు తడిమి, నిలబడ్డారు.

"ఇది కాదు" అన్నారు. "పాత లారీ పక్కగోడ."

నాకు ఒళ్ళు మండింది. "సర్, ఆ అల్లిక చూడండి. ఆ రివెట్లు చూడండి. ఇది నూటికి నూరు పాళ్ళూ వెల్లింగ్టనే."

"అంత కచ్చితంగా మీకెలా తెలుసు?" అన్నాడు ముదీర్.

ఏం చెప్పను? వంగి బూటులో పడ్డ ఇసుక దులుపుకున్నాను. ముదీర్ విసుక్కుంటూ కారులో ఏసీకి వెళ్ళిపోయాడు. అప్పుడు దొర గారు జాలీ సందులోంచి ఎండిన దొండతీగ ముక్క ఒకటి లాగి నా చేతిలో పెట్టారు. ఇంకో మూల నక్షత్రం కట్టిన తాడు కూడా వేలాడుతోంది.

"మీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాను.

"మీ ఇంట్లో కుర్చీలో కూర్చుని తలెత్తగానే. ఎన్ని అడుగుల గుడ్డ కుట్టానో వీటికి. కళ్ళు మూసుకున్నా గుర్తుపడతాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ముదీర్ ఫోటో తీసి, కేకు కోసి, టికెట్ ఇస్తాడు. మా ఊళ్ళో నాకోసం ఒక హోములో ఒక కుర్చీ, దాని ఎదురుగా ఒక టీవీ ఉన్నాయి. ఇక్కడైతే సముద్రం ఉంది. టామీ అందులోనే ఉన్నాడు. కొండలెక్కింది విమానం కోసమనుకున్నారా?" అని ఆగి, "మరి మీరెందుకు చెప్పలేదు?" అన్నారు.

"ఆ విషయం ఆలోచిస్తున్నాను సర్" అన్నాను. ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన్ని అమాయకుడని రాసుకున్నాను. కొట్టెయ్యను, అలాగే ఉండనీ.

"దాన్ని తీసుకెళ్ళి పాదుకివ్వండి" అన్నారు కారెక్కుతూ.

ఫిబ్రవరి 19

లింబాద్రి పికప్ తెచ్చాడు. పందిరి మళ్ళీ లేచింది. కృపాకుమారి చూసి, "చెదలు పోయాయాండీ?" అంది.

మార్చి 6

వెతుకులాట బ్రహ్మాండంగా సాగుతోంది. కొండలు మానేశాం. టీ బాగుండే చోట్ల మాత్రమే వెతుకుతున్నాం.

మార్చి 20

ఖలాస్.

ముదీర్ మమ్మల్ని పిలిచి దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఫైబర్ బొమ్మలు చేసే వర్క్‌షాపు నుంచి వచ్చిన డ్రాయింగు చూపించాడు. ఫైబర్ బాంబరు. గుడ్డ ఉండదు, తళతళా మెరుస్తుంది. ముక్కు మీద కోరపళ్ళు కూడా వేయిస్తాడట, ఫోటోలకు బాగుంటుందని. వెల్లింగ్టన్‌కు పళ్ళు ఉండవని దొర గారు అంటే, "ఇప్పుడుంటాయి" అన్నాడు.

ఉద్యోగం పోతుంటే నాకింక దాచడానికేముంది? "అసలు విమానం మా పెరట్లో ఉంది సర్" అన్నాను.

"ఏది, ఆ లారీ జాలీయా?"

"నేను అబద్ధం చెప్పాను. అది వెల్లింగ్టనే" అన్నారు దొర గారు.

ముదీర్ ఆయన భుజం తట్టాడు. "మీకు ఇంకొన్నాళ్ళు ఉండాలని ఉంది. నాకు అర్థమైంది మిస్టర్ డాబ్స్. కానీ టికెట్ బుక్ అయిపోయింది." నిజం చెప్పడానికి కూడా ఒక గడువుంటుందని నాకు ఇవాళ తెలిసింది. అది దాటాక నిజం లారీ జాలీ అయిపోతుంది.

ఏప్రిల్ 9

నిన్న ఈస్టరు. ఇవాళ ఇంట్లో యుద్ధం. దొర గారు చివరి చెకప్‌కు వెళ్ళి కృపాకుమారికి మొత్తం చెప్పేశారు. పందిరి సంగతి, టామీ సంగతి.

"మనిషి ప్రాణం పోయిన దాని మీద పాదు పాకించారా? ఆ కాయలు కూడికకి పంపించారా? అందరిచేతా తినిపించారా?"

"అప్పటికి నాకు తెలీదు కృపా."

"తెలిశాక కూడా పంపించారు కదండీ."

ఆమె కాసేపు ఏడ్చింది. నేను ఇన్నాళ్ళూ దాచినందుకు ఏడుస్తోందనుకున్నాను. కాదు.

"అతనికి ఆదరణ కూడిక ఎవరన్నా పెట్టారా?" అంది.

"ఎవరు పెడతారు? శవమే దొరకలేదు."

"అయితే మనం పెడదామండీ. ఈ శుక్రవారం. పెద్దాయన వెళ్ళకముందే."

"అరవై ఏళ్ళు దాటిపోయాయి."

"పెట్టలేదు కదా" అంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "టామీ ఏవిటండీ, మా ఊళ్ళో కుక్కలకి పెడతారు ఆ పేరు" అంది.

ఏప్రిల్ 13, శుక్రవారం

మా వాళ్ళలో మనిషి పోయాక ఆదరణ కూడికలో దగ్గరి బంధువును ముందు కుర్చీలో కూర్చోబెడతారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మనిషి చెయ్యి పట్టుకుంటారు. ఇవాళ పందిరి కింద ఆ కుర్చీలో డాబ్స్ దొర గారు కూర్చున్నారు. ఐజక్ గారు, రేచెల్ గారు, ఆసుపత్రి నర్సులు, అందరూ తెల్లబట్టల్లో వచ్చారు. లింబాద్రి స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాస్టర్ గారు ఆ కుక్క పేరు జోలికి పోకుండా "మన థామస్ గారు" అంటూ ప్రసంగం చేశారు.

తర్వాత పోయినవారి గురించి తెలిసినవాళ్ళు నాలుగు మాటలు చెప్పాలి. నన్ను లేపారు. ఇన్ని నెలలు ఆ విమానం పేరు చెప్పుకుని తిరిగాను. దాని పొడవు తెలుసు, రెక్కల వెడల్పు తెలుసు. టామీ గురించి ఏమీ తెలియదు, ఎప్పుడూ అడగలేదు. సిగ్గేసింది. దొర గారి వైపు చూసి, "మీరే చెప్పండి సర్, నేను తెలుగులో చెబుతాను" అన్నాను.

ఆయన చెప్పారు. టామీకి ఎత్తంటే భయమట. అందుకే వెనక్కి తిరిగి కూర్చునే చోటు అడిగి తీసుకున్నాడట, ఎక్కడికి వెళుతున్నామో కనబడదని. బాగా ఈల వేసేవాడట. నేను ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతుంటే మా కూడికలో అందరికన్నా పెద్దావిడ పేరమ్మ గారు, ఎవరో ముక్కూమొహం తెలియని టామీ కోసం, వెక్కి వెక్కి ఏడ్చారు. అప్పుడు దొర గారు కూడా ఏడ్చారు.

భోజనాల్లో దొండకాయ వేపుడు ఉంది. వడ్డించాలా వద్దా అని కృపాకుమారి తటపటాయిస్తుంటే, దొర గారే గిన్నె అందుకున్నారు.

ఏప్రిల్ 15

దొర గారు వెళ్ళిపోయారు. ఇల్లు బోసిపోయింది.

ఏప్రిల్ 29

ముదీర్ ఫోను చేశాడు. ఫైబర్ బాంబరు వచ్చింది, దాని పక్కన నిలబడి కథ చెప్పడానికి మనిషి కావాలి. టోపీ, యూనిఫాం ఇస్తారు. ఒకటే షరతు. సెలవుల మీద వచ్చిన వాళ్ళు చావు కబుర్లు వినడానికి రారు గనక ఐదుగురూ క్షేమంగా ఒడ్డుకు చేరారని చెప్పాలి. ఒప్పుకున్నాను. ఒక మాట తేడా, అంతే.

మే 1

ఐదుగురూ క్షేమం.

మే 3

ఐదుగురూ క్షేమం. కోరపళ్ళలో తల పెట్టి ఫోటోలు దిగుతున్నారు. పని ఎలా ఉందని కృపాకుమారి అడిగితే బాగుందన్నాను. ఏం చెబుతున్నానో చెప్పలేదు.

మే 4, శుక్రవారం

ఐదుగురూ క్షేమం. డ్యూటీ ఉందని కూడికకు వెళ్ళలేదు. నిజానికి కూడిక ఉదయం, డ్యూటీ మధ్యాహ్నం నుంచి.

మే 8

కాసేపటి క్రితమే ఇంటికి వచ్చాను. కృపాకుమారి ఇంకా రాలేదు.

ఇవాళ ఒక జర్మన్ పెద్దావిడ వచ్చింది. ఒక్కతే. ఫోటో దిగలేదు. ఆ మెరుస్తున్న దాని చుట్టూ నెమ్మదిగా తిరిగి పొట్ట కింద నిలబడి పైకి చూసింది.

"ఇందులో ఎవరైనా చనిపోయారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఐదుగురూ క్షేమం అనడానికి నోరు తెరిచాను. తోకవైపు చూసి మూశాను. ఫైబర్ తోక, లోపలంతా బోలు. "ఒకరు పోయారమ్మా" అన్నాను. "టామీ అని. తోకలో కూర్చునేవాడు. ఎత్తంటే భయం. ఈల బాగా వేసేవాడు."

ఆవిడ తల ఊపింది. "మా ఊళ్ళో చాలామంది పోయారు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ చేత్తో పైకి చూపించింది. ఊరి పేరు కొలోన్. తనకప్పుడు ఏడేళ్ళు. ఇలాంటివే వచ్చాయట, లెక్కలేనన్ని. కింద నుంచి చూస్తే పొట్టలు, రెక్కలు మాత్రమే కనిపించేవట.

ఇన్ని నెలలూ ఈ విమానం మీద ఎంత ప్రేమ పెంచుకున్నాను. పాతబడిందని పక్కన పెట్టారని జాలిపడ్డాను. అది కుర్రతనంలో ఏం చేసిందో దొర గారు మొదటి వారమే చెప్పారు. నేను రాసుకున్నాను కూడా. బాంబులు వేసింది అని రాశాను గానీ ఎవరి మీద అని నాకు తోచలేదు. విమానంలో పోయినవాడికే ఏడ్చాం. దాని కింద పోయినవాళ్ళు లెక్కలోకే రాలేదు.

మా వాళ్ళు ఆదరణ కూడికలో అడిగే మొదటి మాట అదే కాబట్టి, నోటికి అదే వచ్చింది. "పోయినవారి పేరేంటమ్మా?" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. "లోట్టె" అంది. "మా అక్క."

టోపీ తీసి ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. లాబీ మధ్యలో అలా నిలబడ్డాం. ఆవిడ ఏడవలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు. చుట్టూ జనం ఫోటోలు ఆపేసి చూస్తున్నారు. మెట్ల మీద ముదీర్ కూడా చూస్తున్నాడు. ఆవిడ వెళ్ళాక గదిలోకి పిలిచి యూనిఫాం విప్పి ఇచ్చి వెళ్ళమన్నాడు. టామీ గురించి చెప్పినందుకా, చెయ్యి పట్టుకున్నందుకా అని అడిగితే, "రెండూ" అన్నాడు.

అంటే మళ్ళీ ఇల్లు. మళ్ళీ బిజినెస్ ప్లాన్. బస్సులో వస్తూ కృపాకుమారికి ఏం చెప్పాలా అని రకరకాలుగా అల్లుకున్నాను. తలనొప్పి, సెలవు, హోటల్‌కు రిపేర్లు.

గేటు చప్పుడైంది.

అదే రోజు

ఏమీ అల్లలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కృపాకుమారి చెప్పులు విప్పకుండా నిలబడే వింది. ఉద్యోగం పోయిందన్నాను. అది ఆమె చెవిన పడిందో లేదో తెలీదు.

"ఆవిడ ఇంకా ఎన్నాళ్ళుంటారండీ?" అంది. "శుక్రవారం దాకా ఉంటారా?"

అడగలేదన్నాను.

"అడక్కుండా ఎలా వచ్చేశారు? వెళ్ళి కనుక్కోండి. ఆ లోట్టె గారి ఇంటిపేరు కూడా కనుక్కోండి, పాస్టర్ గారికి చెప్పాలి."

రేపు ఉదయం హోటల్‌కు వెళ్ళాలి. నన్ను గేటు దాటనిస్తారని నమ్మకం లేదు. బయటే నిలబడతాను, ఆవిడ బీచ్‌కు వచ్చేదాకా.